నెల్లూరు సీమయందు మనోవర్తి చరిత్రము

మన రెడ్డి మహాసభ వార్షిక సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. చరిత్ర మనగానే అద్దంకి, కొండవీడు, రాజమహేంద్రవరము స్ఫురించుటయు, ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమున కట్టించిన సోపానములను గూర్చి మరల నొకసారి వ్రాయుటయు మన సంచికల కలవాటైనది. ఆ గాథలు మన పిల్లలకు తెలియవలసినవే. అయినను మా యొద్దనున్న పాత సంచికలను తిరుగవేసి చూడగా, కోటలను గూర్చి వ్రాసినవారు ఇండ్లను గూర్చి వ్రాయలేదని మాకు తోచినది. మన యిండ్లలోని పెద్దవారు ముసలితనమున దేని నాధారముగ చేసికొని బ్రదికిరి? భర్త పోయిన యింటి కోడలికి ఉమ్మడి భూమిలో నేమి హక్కుండెను? తండ్రి తన చేతనున్న ఆస్తిని కొడుకుల కప్పగించునప్పుడు తన కూటికి ఏమి వ్రాసికొనెను? ఈ ప్రశ్నలకు శాసనములలో ప్రత్యుత్తరము దొరకదు. కోర్టు కాగితములలో దొరకును. అందును మన నెల్లూరు మునసబు కోర్టులో పుట్టిన యొక వ్యాజ్యము ఢిల్లీవరకు పోయి, భారతదేశమందలి హిందూ స్త్రీల కందరికిని ప్రమాణమై నిలిచినది. ఆ సంగతి న్యాయవాదులకు తెలిసినంతగా మనవారికి తెలియదు గనుక దానినే ఈ వ్యాసమునకు విషయముగా గైకొంటిమి.

మొదట కొంత పూర్వకథ చెప్పవలసియున్నది. తిక్కన సోమయాజి మనుమసిద్ధి కొలువునందుండి భారతమును తెనిగించిన పదుమూడవ శతాబ్దముననే, ఆయన నాదరముతో కొలిచిన మూలఘటిక కేతన యనునతడు విజ్ఞానేశ్వరమను ధర్మశాస్త్రమును తెనుగు పద్యములలో రచించెను. తన దశకుమారచరిత్రమును తిక్కన కంకిత మిచ్చినవాడును, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును వ్రాసినవాడును ఈ కేతనయే. కావ్యమని, వ్యాకరణమని కేతనను మెచ్చుకొనువారు ఆయన ధర్మశాస్త్రమును అంతగా తలపరు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున, చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, వ్రాసిన మితాక్షరయే దీనికి మూలము. ఆస్తి పంపకమును, అప్పును, సాక్ష్యమును తెనుగువాడు తన భాషలో చదువుకొనుటకు వీలుగా వెలసిన తొలి గ్రంథమిది. దానికి నెల్లూరితో సంబంధ ముండుట మనము గర్వింపదగిన విషయము.

ఆ మితాక్షర ధర్మమున మూడు విషయములు మన ప్రస్తుతమునకు ముఖ్యములు. పితృపితామహుల నుండి వచ్చిన భూమిలో కుమారునికి పుట్టుకతోనే హక్కు కలుగునన్నది మొదటిది. కాబట్టి తండ్రి దానిని తన యిష్టానుసారముగ నెవ్వరికిని వ్రాసి యియ్యజాలడు. తండ్రి పోయిన పిదప కుమారులు పంచుకొనునప్పుడు తల్లియు వారితో సమానమైన భాగము పొందవలెనని యాజ్ఞవల్క్యుడు విధించుట రెండవది. ఇక మూడవది, వృద్ధులైన తల్లిదండ్రులను, భార్యను, శిశువును ఎట్టి కష్టమునకైనను ఓర్చి, అకార్యములు నూరు చేసియైనను పోషింపవలెనని మనువు పేర ప్రసిద్ధమైన వచనము. తండ్రి ఆస్తి యిచ్చినను ఇయ్యకున్నను కొడుకు ఈ ఋణమునుండి తప్పించుకొనజాలడని శాస్త్రకారుల మతము.

ఇందు రెండవదియగు తల్లి భాగ మేమైనదో చూచిన వింత గొల్పును. కర్ణాటక నవాబుచేత నుండి నెల్లూరు సీమ 1801వ సంవత్సరమున కుంపిణీ పాలనలోనికి వచ్చెను. మరుసటి యేటి శాసనములచే జిల్లా కోర్టు లేర్పడెను. దొరలకు ధర్మము చెప్పుటకు కోర్టులలో పండితులుండెడివారు. 1864వ సంవత్సరమున ఆ పండితపదవులును రద్దయ్యెను. పిమ్మట ధర్మశాస్త్రము నజీరులలోనికి పోయి చేరినది. కాశీ, బొంబాయి ప్రాంతముల కోర్టులు పంపకమున తల్లికి భాగ మంగీకరించుచుండగా, దక్షిణదేశమున స్త్రీలకు భాగమిచ్చు నాచారము చాలకాలము క్రిందటనే లుప్తమైనదని మద్రాసు హైకోర్టు 1905వ సంవత్సరపు సంపుటములలో ప్రకటితమైన తీర్పున చెప్పెను. అనగా, కేతన తెనిగించిన శాస్త్రమునకు మూలమున నున్న భాగము నెల్లూరిలోనే మృతమయ్యెను. తల్లికిని, విధవకును మిగిలినది మనోవర్తి యొక్కటియే: అన్నము, వస్త్రము, ఉండుటకొక చోటు.

ఈ మనోవర్తి యెట్లుండెడిదో గ్రంథములు చూడ నక్కరలేదు. మా యింటి పెట్టెలోనే యొక కాగితము కలదు. మా తాతగారి తమ్ముడు ఉమ్మడిగా నుండగనే సంతానము లేక పోయెను. ఆయన భార్యను మేము చిన్నజేజి యని పిలిచెడివారము. ఆమెకు మా తాతగారు వ్రాసియిచ్చిన ఒడంబడికలో ఏటికొక పుట్టి మొలగొలుకుల వడ్లు, రెండు కోకలు, ఉండుటకు పడమటి గది అని యున్నది. ఆమె వ్రేలిముద్ర క్రిందుగా ఇద్దరు సాక్షుల సంతకములున్నవి. మాఘమున కొలువవలసిన వడ్లు కొన్ని యేండ్లు చైత్రమునకు గాని కొలువబడలేదని మా తల్లిగారు చెప్పెడివారు. అడుగుట కామెకు సిగ్గు. జ్ఞాపకముంచుకొనుటకు మా పెద్దలకు తీరిక లేదు. మా యింటి మాట యగుటచే నిర్భయముగ చెప్పుచున్నాము. ఇట్టి కాగితములు మన పల్లెలలో ఎన్ని యిండ్లలో లేవు?

మరణశాసనముల సంగతియు కొంచెము చెప్పెదము. ఉమ్మడి కుటుంబమునందలి వాడు తన యవిభక్త భాగమును విల్లుద్వారా ఇతరుల కియ్య వీలులేకుండెను. ప్రాణము పోయిన మరుక్షణమే ఆ భాగము మిగిలిన దాయాదులకు చెందెడిది. స్వార్జితమును గూర్చి మాత్రము వ్రాయవచ్చును. అదియైనను కాగితముమీద నుండవలెనను నిర్బంధము మన పల్లెటూళ్లలో లేదు. పదిమంది యెదుట నోటితో చెప్పిన మాటయు చెల్లెడిది. 1870వ సంవత్సరపు హిందూ విల్లుల చట్టము మద్రాసు పట్టణమునకు వర్తించెనేగాని నెల్లూరునకు వర్తింపలేదు. 1927వ సంవత్సరము జనవరి 1వ తేదీ మొదలుకొనియే మన జిల్లాలోని హిందువు వ్రాయు ప్రతి విల్లునకును వ్రాతయు, సంతకమో వ్రేలిముద్రయో, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణమును ఆవశ్యకములైనవి. కరణముచేత వ్రాయించి, చదివించుకొనకయే వ్రేలు వేయుట అప్పటి వాడుక. పొనకా కనకమ్మగారు 1923వ సంవత్సరమున నెల్లూరిలో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించినప్పుడు ఆడపిల్లలకు చదువేల యని నొసలు ముడిచినవారుండిరి. తన దస్తావేజును తాను చదువుకొనగల యాడుది ఉన్న యింటను, లేని యింటను కాగితము లొక్క తీరున నుండవని వారికి తట్టియుండదు.

ఇక అసలు వ్యాజ్యమునకు వత్తము. వడ్డెబోయిన తులసమ్మ యను నామె భర్త వెంకటసుబ్బారెడ్డి 1931వ సంవత్సరమున మరణించెను. అప్పటికాయన తన సవతి సోదరుడగు శేషారెడ్డితో ఉమ్మడిగ నుండెను. కావున ఆస్తి యంతయు శేషారెడ్డికి నిలిచి, తులసమ్మకు మనోవర్తి హక్కు మాత్రమే మిగిలెను. ఆరేండ్లకు, 1937లో, దేశముఖుగారు పూనికతో తెచ్చిన హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వచ్చెను. ఉమ్మడిలో చనిపోయినవాని భాగము, పరిమిత హక్కుతో నైనను, అతని విధవకు చెందునని యది విధించినది. అయితే చట్టమునకు ముందు విధవలైనవారి కది వర్తింపదు. వర్తించినవారికిని తొలినాళ్లలో పొలములు దక్కలేదు. వ్యవసాయభూమి రాష్ట్రముల యధికారములోనిది గనుక ఆ చట్టము దానికి చెల్లదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పెను. మద్రాసు శాసనసభ 1947లో వేరు చట్టము చేసి ఆ లోపమును పూరించెను. మనవారి ఆస్తి యంతయు పొలమే యైనప్పుడు, నడుమనున్న ఆ పదియేండ్లలో ఎందరు విధవలకు ఆ చట్టము కాగితపుపులియై పోయెనో చదువరులే ఊహింపవచ్చును.

తులసమ్మ పదుమూడేండ్లు ఓర్చెను. 1944వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మనోవర్తికై నెల్లూరు డిస్ట్రిక్టు మునసబు కోర్టున పాపరు దావాకు అర్జీ పెట్టెను. కోర్టు రుసుము చెల్లించుటకు చేతగానివారికి చట్టము చూపిన దారి యది. 1946 జూన్ 29వ తేదీన ప్రతివాది లేకయే ఆమె పక్షమున డిక్రీ అయ్యెను. పిమ్మట శేషారెడ్డి, 1945 ఏప్రిలులోనే తమ మధ్య కోర్టు బయట రాజీ జరిగినదనియు దానిని నమోదు చేయవలసినదనియు అర్జీ పెట్టుకొనగా తులసమ్మ ప్రతిఘటించెను. ఆ యర్జీయు, దానిపై అప్పీలును కొట్టివేయబడెను. తుదకు డిక్రీ అమలు జరుగునప్పుడు నిజముగనే రాజీ కుదిరెను. 1949వ సంవత్సరము జూలై 30వ తేదీన కోర్టు దానిని ధ్రువపరచెను. అందలి షరతు లివి: మనోవర్తి క్రింద కొన్ని భూములు తులసమ్మ కియ్యబడెను, ఆమె జీవితకాలము అనుభవింపవచ్చును, అమ్ముటకు గాని అన్యాక్రాంతము చేయుటకు గాని అధికారము లేదు, ఆమె తదనంతరము భూములు శేషారెడ్డికే తిరిగి చేరవలయును. ఇందు ఎవ్వరిని నిందించుటయు మా యుద్దేశము కాదు. ఆ కాలమున ఏ పెద్దమనుష్యుల పంచాయతి చేసినను, ఏ న్యాయవాది వ్రాసినను, రాజీ యిట్లే యుండెడిది. న్యాయమని అందరును నమ్మినది అదియే.

ఏడేండ్లు గడచెను. 1956వ సంవత్సరము జూన్ 17వ తేదీన హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చెను. అందలి పదునాలుగవ సెక్షనునకు రెండు విభాగములు. హిందూ స్త్రీ స్వాధీనమునందున్న ఆస్తి, అది చట్టమునకు ముందు వచ్చినదైనను పిదప వచ్చినదైనను, ఆమెకు సంపూర్ణ స్వామ్యమే యని మొదటి విభాగము. మనోవర్తికి బదులుగా వచ్చినదియు అందు చేరునని స్పష్టముగ వివరించినది. అయితే దానము, విల్లు, డిక్రీ మొదలగువాని ద్వారా పరిమిత హక్కు మాత్రమే యిచ్చినచో ఆ పరిమితి నిలుచునని రెండవ విభాగము. తులసమ్మ తన భూములలో కొన్నింటిని 1960లో కౌలున కిచ్చి, కొన్నింటిని 1961లో విక్రయించెను. ఈ దస్తావేజులు ఆమె జీవితకాలమునకు మించి చెల్లవని ప్రకటింప గోరుచు శేషారెడ్డి 1961 జూలై 31వ తేదీన అదే నెల్లూరు మునసబు కోర్టున దావా వేసెను.

మునసబుగారు రెండవ విభాగము వర్తించునని వాది పక్షమున తీర్పు చెప్పిరి. జిల్లా జడ్జిగారు మొదటి విభాగమే వర్తించునని దానిని మార్చిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టువారు మరల వాది పక్షము వహించిరి. 1968వ సంవత్సరపు అప్పీలుగా అది సుప్రీముకోర్టు చేరి, 1977 మార్చి 17వ తేదీన పరిష్కారమయ్యెను. భగవతి, గుప్తా, ముర్తజా ఫజల్ ఆలీగారలు ధర్మాసన మలంకరించిరి. ప్రధానమైన తీర్పు వ్రాసిన ఫజల్ ఆలీగారు మహమ్మదీయులై యుండియు మన స్మృతులను, వ్యాఖ్యలను, పాత తీర్పులను ఎంత శ్రద్ధతో పరిశీలించిరో చూచిన ఎవరికైనను గౌరవము కలుగును. భగవతిగారు వేరుగ వ్రాసిన తీర్పున, ఈ సెక్షను వ్రాతలోని లోపము కక్షిదారులకు చిక్కులను, న్యాయవాదులకు స్వర్గమును కల్పించినదని చుఱుకు పెట్టిరి.

సుప్రీముకోర్టు చెప్పిన సారము మనవారందరును గ్రహింపదగినది. రాజీలో వ్రాసినది తులసమ్మకు క్రొత్తగా ఇచ్చిన దానమా, లేక ఆమెకు పూర్వమే ఉన్న హక్కునకు చెల్లించిన బాకీయా? ఇదియే ప్రశ్న. క్రొత్తగా ఇచ్చినదైనచో ఇచ్చినవాడు పెట్టిన షరతు నిలుచును. బాకీ చెల్లించుచు, దీనిని నీ యిష్టము వచ్చినట్లు వాడుకొనరాదని షరతు పెట్టువా డెవ్వడు? విధవ మనోవర్తి ఎవరి దయయు కాదు. రాజీకి ముందు, డిక్రీకి ముందు, వివాహమునుండియే శాస్త్రసిద్ధమై యున్న హక్కు. భర్త భూమిపై దాని భారము కలదు. రాజీ ఆ హక్కును గుర్తించినదే గాని సృష్టింపలేదు. కాబట్టి రాజీలో ఎన్ని పరిమితులు వ్రాసినను మొదటి విభాగము ప్రకారము ఆమె 1956లోనే సంపూర్ణ యజమానురా లయ్యెను. ఆమె చేసిన అమ్మకము చెల్లినది. భర్త పోయిన నలువది యారు సంవత్సరములకు, తొలి యర్జీ పెట్టిన ముప్పది రెండు సంవత్సరములకు పిదప ఈ తీర్పు వచ్చెను.

ఈ తీర్పులో సులభముగ దాటిపోవు నొక మెలకువ కలదు. తులసమ్మకు భూమి స్వాధీనమునందుండుటచేతనే ఆమె యజమానురా లయ్యెను. మా చిన్నజేజి 1962వరకు జీవించెను. చట్టము ఆమెకును వర్తించు కాలమే. కాని ఆమెకు వ్రాసినది పుట్టి వడ్లు. ఆమె చేతిలో సెంటు నేల లేదు. వడ్లపై సంపూర్ణ స్వామ్య ముండి యేమి లాభము? ఒకే కాలమున, ఒకే జిల్లాలో, ఒకే విధమైన దుఃఖము గల యిద్దరు స్త్రీలకు కాగితములోని యొక్క మాటచే గతులు వేరైనవి.

ఈ విషయమున వివాదము పూర్తిగా సమసినదనియు చెప్పజాలము. భర్త విల్లులో భార్యకు జీవితకాల అనుభవము మాత్రము వ్రాసి, పిదప కుమారులకు చెందవలెననుట మనలో మిక్కిలి వాడుక. అట్టి విల్లు మనోవర్తికి బదులుగా నున్నదా, కేవలము పరిమితమైన దానమా యను ప్రశ్నపై సుప్రీముకోర్టులోనే భిన్నాభిప్రాయము లున్నందున, 2024 డిసెంబరున ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సమస్యను విస్తృత ధర్మాసనమునకు నివేదించెను. భార్యకు పూర్తిగా ఇయ్యదలచినవాడు ఆ మాటను పూర్తిగా వ్రాయుట మేలు. సగము వ్రాసి మిగిలినది కోర్టులకు వదలుట ఇంటివారికి చేసిన ఉపకారము కాదు.

1956వ సంవత్సరము చివర వచ్చిన దత్తత, మనోవర్తి చట్టము వృద్ధులును అశక్తులునైన తల్లిదండ్రులను పోషించు భారమును కొడుకుపైనే గాక కూతురిపైనను ఉంచెను. కూతునకు భాగ మియ్యక భారము మాత్రము పంచుట ఎట్టి న్యాయమో ఆనాడు అడిగినవారు తక్కువ. మన రాష్ట్రము 1986వ సంవత్సరపు చట్టముచే, 1985 సెప్టెంబరు 5వ తేదీనాటికి వివాహము కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు నిచ్చెను. 2005 సెప్టెంబరు 9వ తేదీన కేంద్ర చట్టము వివాహితలకును దానిని వర్తింపజేసెను. ఆ తేదీకి తండ్రి జీవించి యుండకున్నను ఆ హక్కు కలదని 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీముకోర్టు తేల్చెను. పసుపుకుంకుమల క్రింద రెండెకరములిచ్చి ఋణము తీరినదనుకొను తండ్రులు ఇది గమనింపవలయును. ఇంకొక మాట: కొడుకు విల్లు వ్రాయక ముందుగా పోయినచో, అతని ఆస్తిలో భార్యాబిడ్డలతోపాటు తల్లికి సమభాగము కలదు; తండ్రికి లేదు. చట్టమున తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండవ తరగతివాడు. ఈ భేదము తెలియక మా యెరుకలోని తండ్రులు కొందరు దిగ్భ్రాంతు లైరి.

ఇప్పటి దశకు వచ్చుసరికి కథ తలక్రిందైనది. నాడు భూమి యియ్యకుండుట సమస్య. నేడు తొందరపడి యిచ్చుట సమస్య. పెన్న ఆనకట్ట క్రింది మాగాణి మాట యటుండగా, సముద్రపు టొడ్డున ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు ప్రాంతముల చౌడునేలలు 1990 తరువాత రొయ్యల గుంటలైనవి. 2008లో కృష్ణపట్టణపు ఓడరేవు తెరువబడినది. ఎవ్వరును కన్నెత్తి చూడని యిసుక దిబ్బలకు ధరలు పెరిగినవి. పిల్లలు హైదరాబాదునను, అమెరికాలోను ఉన్నారు. పండుగకు వచ్చినప్పుడు, ఉన్న నాలుగు దినములలోనే, తండ్రిచేత సెటిల్మెంటు దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించి పోవుదురు. తండ్రియు సంతోషముతోనే వ్రాయును. ప్రేమానురాగములచే ఇచ్చుచున్నానని దస్తావేజులో ఒక పంక్తి. తన కూడు, తన మందు, తన గది మాట ఒక్క పంక్తియు లేదు. అడుగుటకు ఆయనకు సిగ్గు, మా చిన్నజేజికి వలెనే.

విల్లు వ్రాసినవాడు బ్రదికియున్నంత కాలము దానిని మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును. దాన సెటిల్మెంటు అట్లు కాదు. పుచ్చుకొన్నవా డంగీకరించిన పిమ్మట ఇచ్చినవాడు తనంత తాను రద్దు చేసికొనజాలడు. ఈ బాధకు కొంత మందుగా పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసెను. అరువది యేండ్లు నిండినవారు నెల్లూరు, కావలి మొదలగు డివిజనులలో రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతనుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ మనోవర్తి విధింపవచ్చునని చట్టమందలి హద్దు. కన్నబిడ్డలే కాక, సంతానములేని వృద్ధుని ఆస్తి అనుభవించుచున్న లేక పొందబోవు బంధువులును ఇందు బాధ్యులు. మా తాతగారి కాలమున ఈ నియమ ముండినచో చిన్నజేజి వడ్లు మాఘముననే కొలువబడియుండును.

ఆ చట్టమందలి ఇరువదిమూడవ సెక్షను మనకు ముఖ్యము. తనకు కావలసిన వసతులు, అవసరములు తీర్చవలెనను షరతుపై వృద్ధుడు ఆస్తి బదిలీ చేసి, పుచ్చుకొన్నవాడు ఆ షరతు తప్పినచో, ఆ బదిలీ మోసముచేతనో బలవంతముచేతనో జరిగినట్లుగ భావింపబడి, వృద్ధుడు కోరినచో ట్రిబ్యునలు దానిని చెల్లదని ప్రకటింపవచ్చును. చట్టము అమలులోనికి వచ్చిన పిదప వ్రాసిన దస్తావేజులకే యిది వర్తించును. ఇందలి ఆయువుపట్టు షరతు. 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు ఒక తల్లి కూతుళ్లకు వ్రాసిన దస్తావేజును గూర్చి విచారించి, ప్రేమతో ఇచ్చినంత మాత్రమున పోషణ షరతు ఉన్నట్లు ఊహింపరాదనియు, షరతున్నదని చూపవలయుననియు చెప్పెను. 2025 జనవరి 2వ తేదీన వచ్చిన మరియొక తీర్పున, మధ్యప్రదేశమందలి యొక తల్లి కుమారునికి వ్రాసిన దానపత్రము రద్దు స్థిరపడినది. అందు దానపత్రముతోపాటు కుమారుడు తన తల్లిదండ్రులను కడవరకు చూచుకొందునని వ్రాసియిచ్చిన వాగ్దానపత్రము ఉండెను. చట్టమును వృద్ధుల కనుకూలముగ, ఉదారముగ అన్వయింపవలెననియు, ఆస్తిని తిరిగి స్వాధీనపరచు నధికారమును ట్రిబ్యునలునకు కలదనియు అందు చెప్పబడెను.

కాబట్టి మనవారిలో దస్తావేజు వ్రాయదలచిన పెద్దలకు మే మొక వాక్యమును సూచించుచున్నాము. న్యాయవాది దానిని తన పద్ధతిని సవరించుకొనవచ్చును: నేనును నా భార్యయు జీవించియున్నంత కాలము మాకు అన్నవస్త్రములకును, వైద్యమునకును, ప్రస్తుతము మేమున్న ఇంటిలో నివాసమునకును లోపము రాకుండ నీవు జరుపవలెననెడి షరతుపై ఈ ఆస్తిని నీకు వ్రాసి యిచ్చుచున్నాను. భార్య మాట మరువరాదు. దస్తావేజు వ్రాసిన భర్త ముందుగా పోవుటయే మన యిండ్లలో తరచు చూచుచున్నాము. వీలైనచో కనీసము ఇల్లొకటియు, కూటికి సరిపడు నేలయు తమ జీవితకాలము తమ పేరనే నిలుపుకొనవలయును. మొత్తము విల్లుగానే వ్రాసికొన్నచో మరియు మంచిది. తాము వ్రాయు ఆస్తి స్వార్జితమా పిత్రార్జితమా యని ముందు తేల్చుకొనవలెను. పిత్రార్జితములో తన భాగమును మాత్రమే విల్లు వ్రాయవచ్చును. అదియు 1956 తరువాత దొరకిన హక్కే. సాక్షులుగా వయసు మీరినవారిని పిలుచుట మన మర్యాద గాని, వ్రాసినవానికంటె ముందే సాక్షులు పోయినచో విల్లు రుజువు చేయుట కష్టమగును. నలువదేండ్లలోపు వారిని ఇద్దరిని పెట్టుకొనుట మేలు.

ఇట్లు షరతు వ్రాయుట బిడ్డలను శంకించుటయే యని కొందరు పెద్దలు మాతో వాదించిరి. బిడ్డ మంచివాడే కావచ్చును. కాని అతనికి ప్రమాదము జరిగినచో ఆస్తి ఎవరి చేతికి పోవునో, వారు ఈ వృద్ధుల నెరుగుదురో లేదో యని మేము తిరిగి యడిగితిమి. దానికి వారు చాలసేపు మాటాడలేదు. అందొకరు మరునాడు తమ దస్తావేజు ముసాయిదాను మాకు చూపుటకు తెచ్చిరి.

ఈ విషయమై మేము సేకరించుచున్న సామగ్రి యింకను స్వల్పము. మన యిండ్లలో పాత మనోవర్తి ఒడంబడికలు, భాగపత్రములు, రాజీ దస్తావేజులు, పసుపుకుంకుమల పత్రములు పెట్టెల అడుగున నుండును. చెదలు పట్టక పూర్వము వానిని మహాసభ జరుగు దినములలో తెచ్చి చూపినచో, పేర్లు బయటపెట్టక ప్రతులు వ్రాసికొని అక్కడికక్కడే తిరిగి యియ్యగలము. మా చిన్నజేజి కాగితమును మేము తెచ్చెదము.